ఐదు చేపల వేగం

ఆఫీసు, నాలుగో అంతస్తు
మార్చి 4

పిన్నీ,

ఈ కవరులో ఉన్న పెన్‌డ్రైవ్‌లో మా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఇంకా బయటికి రాలేదు. అక్టోబరు ఒకటిన అందరి కంప్యూటర్లలోకీ దానంతటదే వచ్చేస్తుంది. ఈలోగా నిజంగా పని చేసుకునేవాళ్ళ చేత వాడించి, ఏది బాగోలేదో రాయించుకోమన్నారు. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళందరూ కంప్యూటర్ ముందు కూర్చుని కంప్యూటర్ పనే చేస్తారు. కంప్యూటర్‌తో ఇంకేదో పని చేసేవాళ్ళలో నాకు తెలిసింది నువ్వొక్కదానివే.

ఇందులో కొత్త సదుపాయాలు చాలా ఉన్నాయి. ముఖ్యమైనది ఒకటి చెప్తాను. నువ్వు ఏ విండోలో పని చేస్తున్నావో అదొక్కటే మెలకువగా ఉంటుంది. వెనకున్నవన్నీ నిద్రపోతాయి. కరెంటు ఆదా, వేడి తక్కువ, ఫ్యాన్ చప్పుడు ఉండదు. దీన్ని చేసినవాళ్ళు చాలా తెలివైనవాళ్ళని ఇక్కడ అనుకుంటున్నారు.

పాతదాని మీద నడిచిన ప్రోగ్రాములన్నీ దీని మీదా నడవాలన్నది మా నియమం. ఐదువందల ప్రోగ్రాములు నడిపి చూశాం. నీ ఎంబ్రాయిడరీ మిషన్‌కి నాకు పదిహేడేళ్ళప్పుడు నేను రాసిచ్చిన ప్రోగ్రాము ఆ ఐదువందల్లో లేదు. ఉండదు కూడా, అది నీ ఒక్కదాని దగ్గరే ఉంది కాబట్టి. ఎవరికీ ఇవ్వనన్నావు, గుర్తుందిగా. అది పచ్చి పని. బయటికి పోతే నా పరువు పోతుంది.

ముందు ఉత్తరం మొత్తం చదివి, అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టు. పాత ఫైళ్ళు ఎలా దాచుకోవాలో వెనక పేజీలో రాశాను.

బుడంకాయ


కుట్టుషాపు
మార్చి 11

బుడంకాయకి,

మీ బాబాయ్ ముందు పెన్‌డ్రైవ్ పెట్టేసి, తర్వాత నీ ఉత్తరం చదివాడు. వెనక పేజీ చదివేసరికి పాతది పోయింది, కొత్తది వచ్చింది. డిజైన్ల ఫైళ్ళు మాత్రం మిగిలాయి. అవి వేరే పెన్‌డ్రైవ్‌లో నా అల్మారాలో ఉంటాయి, ఆయనకి అందని అరలో.

ఫ్యాన్ చప్పుడు లేదన్నది నిజం. ఆయన కంప్యూటర్ పెట్టెకి చెవి ఆనించి, "ప్రాణం పోయినట్టుందే" అన్నాడు. ఇప్పుడు కాజాలు కుట్టుకుంటూ రేడియో వినగలుగుతున్నానని సంతోషపడుతున్నాడు. ఆ తెలివైనవాళ్ళకి ఆయన తరఫున చెప్పు.

ఇక కష్టం చెప్తాను. ఫైర్ స్టేషన్‌వాళ్ళ బ్యాడ్జీలు నాలుగువందలు ఈ నెల ఇరవై ఎనిమిదికి ఇవ్వాలి. బ్యాడ్జి మీద నిచ్చెన ఉంటుంది, తొమ్మిది మెట్లు. నీ కొత్తది పెట్టాక నిచ్చెన ఎలా వచ్చిందో ఈ కవరులో గుడ్డ పెట్టాను, చూడు. దాని మీద ఎక్కితే ఫైర్ స్టేషన్‌వాళ్ళకే ఇంకో ఫైర్ స్టేషన్ కావాలి. నీ ప్రోగ్రాము తెరుచుకుంటోంది, మిషన్ కదులుతోంది, కానీ సూది తొందరపడుతోంది. ఫోన్‌లో ఫోటో పంపుదునుగానీ, ఫోటోలో దారం బిగువు తెలియదు. వేలితో తడిమి చూడు.

ఆర్డరు గురించి కంగారుపడకు. టోపీలు కుట్టే ఆవిడ ఉంది కదా, ఆవిడ మిషన్ మీద కుట్టిస్తున్నాను.

ప్రోగ్రాము ఎవరికీ ఇవ్వలేదా అని అడిగావు. ఇస్తే నువ్వు ఊరుకుంటావా?

పిన్ని


ఆఫీసు, నాలుగో అంతస్తు
మార్చి 16

పిన్నీ,

గుడ్డ అందింది. నా బల్ల ఎదురుగా గోడకి పిన్నుతో గుచ్చాను. మా ఆఫీసుకి గుడ్డ రూపంలో ఫిర్యాదు రావడం ఇదే మొదటిసారి. అందరూ వచ్చి తడిమి చూసి వెళ్ళారు. మా పెద్దాయన భూతద్దం తెప్పించాడు. ఈ సిస్టమ్‌లో ఏది ఉండాలో ఏది పోవాలో చివరి మాట ఆయనదే. కాసేపు చూసి, "సూది గుడ్డలోంచి పూర్తిగా లేవకముందే గుడ్డ బిగించిన ఫ్రేము జరుగుతోంది. మధ్యలో ఆగాల్సినంత సేపు ఆగట్లేదు" అన్నాడు. సరిగ్గా అదే.

అది నా తప్పే. ఆ ప్రోగ్రాములో సూదిని దించి లేపాక, ఫ్రేముని జరిపే ముందు కాస్త ఆగాలి. ఎంతసేపని గడియారాన్ని అడిగి ఉండాల్సింది. అప్పుడు నాకు అది తెలియదు. "ఒకటి నుంచి అరవై వేల దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత జరుపు" అని రాశాను. నెమ్మదిగా నడిచే కంప్యూటర్ నెమ్మదిగా లెక్కపెడుతుంది. వేగంగా నడిచేది గబగబా లెక్కపెట్టేసి ఫ్రేముని లాగేస్తుంది.

"ఎవరు రాశారమ్మా ఇది?" అన్నాడు పెద్దాయన.

"ఎవరో పదిహేడేళ్ళ పిల్లటండీ" అన్నాను. అబద్ధం కాదు కదా.

కానీ నాకు ఒకటి అర్థం కావట్లేదు. నేను అది రాసింది బాబాయ్ విడిభాగాలు ఏరి కూర్చిన మొదటి కంప్యూటర్ మీద. ఇప్పుడు నీ దగ్గరున్నది ఆరేళ్ళ క్రితం కొన్నది, దానికన్నా నాలుగు రెట్లు వేగం. అంటే నీ నిచ్చెన ఆరేళ్ళ క్రితమే విరగాలి. ఇన్నాళ్ళూ ఎలా నిలబడింది?

ఇంకొకటి. టోపీల ఆవిడ మిషన్ కూడా కంప్యూటర్ చెప్తేనే కదులుతుంది. దానికి ఏ ప్రోగ్రాము చెప్తోంది పిన్నీ?

పాత సిస్టమ్ కూడా పంపుతున్నాను. అది పెట్టుకుని ఆర్డరు కానివ్వు. ఈసారి బాబాయ్‌కి ముందు ఉత్తరం, మరునాడు పెన్‌డ్రైవ్ ఇవ్వు.

బుడంకాయ


కుట్టుషాపు
మార్చి 23

బుడంకాయకి,

దాచి లాభం లేదు. రెండింటికీ ఒకటే జవాబు. చేపలు.

ఆరేళ్ళ క్రితం కంప్యూటర్ మార్చినప్పుడు కుట్టు చెడిపోయింది. నీకు పరీక్షలు, అందుకని చెప్పలేదు. అప్పట్లో మీ బాబాయ్ దాంట్లో చేపల తొట్టి అని ఒక బొమ్మ పెట్టాడు. నీళ్ళు, నాచు, బుడగలు, ఎన్ని చేపలు కావాలంటే అన్ని వేసుకోవచ్చు. ఒకరోజు అది వెనక నడుస్తుండగా బ్యాడ్జి మొదలుపెట్టాను, కుట్టు కుదిరింది. చేపల్ని తీసేస్తే చెడింది. మళ్ళీ వేస్తే కుదిరింది. అప్పుడు కూర్చుని పరీక్ష చేశాను. మూడు చేపలైతే దారం బిగుసుకుంటోంది. ఎనిమిదైతే మిషన్ నత్తనడక నడుస్తోంది. ఐదు చేపలకి కుట్టు కొలిచినట్టు పడింది. ఎందుకో నాకు తెలియదు. ఈరోజు నీ ఉత్తరంలో లెక్కపెట్టడం సంగతి చదివాక తెలిసింది. చేపల్ని ఈదించడానికి కంప్యూటర్ ముప్పావు వంతు ఓపిక ఖర్చుపెట్టేసి, మిగిలిన ఓపికతో నీ అరవై వేలూ నిదానంగా లెక్కపెడుతోందన్నమాట. అప్పటినుంచీ పొద్దున్నే షాపు తెరవగానే తుడవడం, మిషన్‌కి నూనె వేయడం, ఐదు చేపల్ని వదలడం. ఆరేళ్ళుగా ఇదే వరస.

టోపీల ఆవిడది ఇంకా కొత్త కంప్యూటర్. ఆవిడకి తొమ్మిది చేపలు కావాలి.

అవును, ఇచ్చాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, షాపు మూసేస్తానంది. పరువు నీది, షాపు ఆవిడది. షాపు పెద్దదనిపించింది. ఆవిడ ఎవరెవరికి ఇచ్చిందో నాకు తెలియదు.

ఇప్పుడు నీ కొత్త సిస్టమ్‌లో ఏం జరుగుతోందంటే, నేను కుట్టు విండో తెరవగానే వెనక చేపలు ఉన్నచోటే ఆగిపోతున్నాయి. ఒకటి బుడగ మింగబోతూ నోరు తెరుచుకుని నిలబడింది. చేపలు నిద్రపోతే సూది తొందరపడుతుంది, అంతే సంగతి. పాతది పెట్టుకున్నాను, మళ్ళీ ఈదుతున్నాయి, నాలుగువందలూ సమయానికి ఇచ్చేస్తాను. అక్టోబరు ఒకటి దాకా గడిచిపోతుంది. ఆ తర్వాత? నాకున్నది ఒక్క మిషన్.

వాటిని లేపే మార్గం చెప్పు.

పిన్ని


ఆఫీసు, నాలుగో అంతస్తు
ఏప్రిల్ 2

పిన్నీ,

నీ ఉత్తరం బస్సులో చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్కావిడ సీటు మారింది. ఆఫీసుకి వచ్చాక నవ్వు ఆగిపోయింది.

వివరాలు పంపడానికి ఒప్పుకున్న కంప్యూటర్ల జాబితా మా దగ్గర ఉంటుంది. దాంట్లో వెతికాను. "బుడంకాయ" అనే ప్రోగ్రాము మూడువందల పన్నెండు కంప్యూటర్లలో ఉంది. ఒప్పుకోనివాళ్ళు ఇంకెందరో. ఆ మూడువందల పన్నెండింట్లోనూ చేపల తొట్టి ఉంది. చేపల తొట్టి అంటే ఎవరికో సరదా అనుకుని ఇన్నాళ్ళూ వదిలేశాం.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. నిద్ర సదుపాయం చేసిన తెలివైనవాళ్ళు నేనే. రెండేళ్ళు పట్టింది. కిందటి ఏడాది దాన్ని అందరి ముందూ చూపించమన్నప్పుడు, పనికిరాని ప్రోగ్రాము ఒకటి నడుస్తూ కరెంటు ఎలా తింటుందో చూపించడానికి ఉదాహరణ కావాల్సి వచ్చింది. చేపల తొట్టి తీసుకున్నాను. మీట నొక్కగానే చేపలన్నీ ఆగిపోయాయి. హాలంతా చప్పట్లు. నీ షాపుని ఆపినందుకు చప్పట్లు కొట్టించుకున్నాను.

నిన్న సమావేశంలో పెట్టాం. పెద్దాయన మూడు దారులు చెప్పాడు. నిద్రని తీసేయడం ఒకటి. "అది గోటితో పోయేదానికి గొడ్డలి" అని ఆయనే అన్నాడు. చేపల తొట్టిని ఒక్కదాన్నీ నిద్రపుచ్చకుండా వదిలేయడం రెండోది. "ఈరోజు చేపలకి వదిలితే రేపు పీతలొస్తాయి" అన్నాడు. అదీ నిజమే. మూడోది, ఆ ప్రోగ్రాము తప్పుగా రాసింది కాబట్టి వాడేవాళ్ళే చూసుకోవాలని చెప్పేయడం. ఎక్కువమంది మూడోదానికే చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

కోపగించుకోకు. పాతవాటన్నిటికోసం కొత్తది ఆపుకుంటూ పోతే మేం ఒక్క అడుగు వేయలేం. మా పనంతా ఒక్క మాటలో చెప్పాలంటే, కింద ఏ యంత్రం ఉందో పైన నడిచే ప్రోగ్రాముకి తెలియనక్కర్లేకుండా చేయడం. ఆ ప్రోగ్రాము మాత్రం కింద ఉన్న యంత్రం వేగాన్నే నమ్ముకుని బతికింది. అలాంటిది ఎప్పుడో ఒకప్పుడు పడిపోవాల్సిందే.

నీ ఒక్కదాని సంగతంటే, ఒక పూట కూర్చుని తిరగరాశాను. ఇది లెక్కపెట్టదు, గడియారం చూస్తుంది. కొత్త సిస్టమ్ మీద ఎంత వేగమైన కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ ఇందులోనే ఉంది. ఇక నీకు చేపలు అక్కర్లేదు.

బుడంకాయ


కుట్టుషాపు
ఏప్రిల్ 20

బుడంకాయకి,

నీ కొత్త ప్రోగ్రాము పెట్టి ఒక నిచ్చెన కుట్టాను. ఇంత మంచి నిచ్చెన నా చేతుల్లో ఎప్పుడూ రాలేదు. తర్వాత దాన్ని తీసేశాను. పెన్‌డ్రైవ్ మీ బాబాయ్‌కి అందని అరలో ఉంది.

నాది బాగుచేసి పంపావు, సరే. మిగతావాళ్ళకి ఎవరు పంపుతారు? నేనే పంచిపెడదామని టోపీల ఆవిడని అడిగాను, ఎవరికిచ్చావమ్మా అని. ఆవిడకి ఏడుగురు గుర్తున్నారు. ఆ ఏడుగురిని అడిగితే ఇంకో పన్నెండుమంది తేలారు. ఆ పన్నెండుమంది ఎవరికిచ్చారో వాళ్ళకే తెలియదు. రెండు సెలవు రోజులు బస్సెక్కి పంతొమ్మిది షాపులూ తిరిగాను. అక్టోబరు ఒకటి పొద్దున మిగిలిన షాపుల్లో నిచ్చెనలు విరిగితే, ఎందుకు విరిగాయో వాళ్ళకి చెప్పేవాళ్ళే ఉండరు.

చూసింది చూసినట్టు రాస్తాను. పంతొమ్మిదింట్లోనూ చేపలున్నాయి. నర్సుల కోట్ల మీద పేర్లు కుట్టే ఆయనకి ఏడు. ఫుట్‌బాల్ జట్లకి చొక్కాలు కుట్టే అక్కాచెల్లెళ్ళకి ఆరు, ఎండాకాలంలో ఐదట. దిండు గలీబుల మీద పూలు కుట్టే పెద్దావిడ దగ్గర పద్నాలుగు, తెరలో నీళ్ళు కనబడవు. ఒకాయన "చేపలు ఎనిమిది, ముట్టుకోవద్దు" అని గోడ మీద రాసి పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "మిషన్ ఇచ్చినాయన చెప్పాడండీ, ఇవి కలిసొస్తాయట" అన్నాడు. ఎవరికీ కారణం తెలియదు. అందరికీ లెక్క మాత్రం తెలుసు.

నా నిచ్చెన డిజైను పట్టుకెళ్ళి ప్రతిచోటా ఒకటి కుట్టించి, చేతిగడియారం పెట్టి చూశాను. ఎన్ని చేపలున్నా, ఎంత కొత్త కంప్యూటరైనా, నిచ్చెనకి పన్నెండు నిమిషాలే పట్టింది. పంతొమ్మిది చోట్లా పన్నెండే. ఇది నీకు పనికొస్తుందేమో నాకు తెలియదు. చూశాను కాబట్టి చెప్తున్నాను.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. నా దగ్గరికి పదేళ్ళ పాత చొక్కా తెచ్చి కొత్త బ్యాడ్జి వేయమనేవాళ్ళుంటారు. చొక్కా మార్చుకురండి అని నేను అనను. పాత సూది రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి, వాటిని కప్పేటట్టు కొత్తది వేస్తాను. కొత్త బ్యాడ్జీ ఉంటుంది, పాత చొక్కా చిరగదు. నీ నిద్రని తీసేయమని నేను అడగను. మంచిదే అది. కానీ ఎవరినైనా నిద్రపుచ్చే ముందు వాళ్ళ చేతిలో ఏం పనుందో చూడాలి కదే.

ఇంకొక్క మాట. ఆ పదిహేడేళ్ళ పిల్ల ఎవరో మీ పెద్దాయనకి చెప్పు. తప్పుగా రాసిందని చెయ్యెత్తేటప్పుడు, రాసిన చెయ్యీ ఎత్తిన చెయ్యీ ఒకటేనని ఆయనకి తెలియాలి. ఒప్పుకుంటే తల తెగి పడదు.

పిన్ని


ఆఫీసు, నాలుగో అంతస్తు
మే 3

పిన్నీ,

తల తెగి పడలేదు.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. నాలుగో రోజు సమావేశంలో, చేపల సంగతి ముగిసిపోయిందనుకుంటుండగా లేచి, "ఆ ప్రోగ్రాము రాసింది నేనండీ" అన్నాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "పదిహేడేళ్ళ పిల్ల అన్నావుగా."

"అప్పుడు పదిహేడేనండీ."

"పేరు ఎవరు పెట్టారు, బుడంకాయ అని?"

"మా పిన్ని. నన్ను పిలిచే పేరది."

ఆ తర్వాత ఐదు నిమిషాలు పని జరగలేదు. ఇప్పుడు నాలుగో అంతస్తులో నా పేరు అదే. కాపలాదారు కూడా అలాగే పిలుస్తున్నాడు. సంతోషమేనా?

నవ్వులయ్యాక నీ పంతొమ్మిది షాపుల పేజీ చదివాను. పన్నెండు నిమిషాలు అన్నచోట పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు. "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "వీళ్ళు చేపలతో మన పని చేస్తున్నారు కదయ్యా. కింద యంత్రం ఏదైనా పైన వేగం ఒకటే ఉండేటట్టు చూసుకుంటున్నారు. మనం చేయాల్సింది వాళ్ళు చేసుకుంటుంటే, మనం వచ్చి ఆపాం" అన్నాడు. నాలుగో దారి అక్కడ దొరికింది.

నిద్ర ఉంటుంది. చేపలు నిద్రపోతాయి. కానీ గడియారం తెలియక, లెక్కపెట్టుకుంటూ, యంత్రంతో నేరుగా మాట్లాడే పాత ప్రోగ్రాము కనిపిస్తే, మా సిస్టమే దానికి కళ్ళెం వేస్తుంది. అది పుట్టిన కంప్యూటర్ ఎంత వేగంగా ఉండేదో అంత వేగమే ఇస్తుంది, కింద ఎంత కొత్త యంత్రం ఉన్నా సరే. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఎవరికీ ఏమీ పంపక్కర్లేదు. మావాళ్ళు దీనికి "తాత నడక" అని పేరు పెట్టారు. రెండు నెలలు గడువిచ్చారు. ఈలోగా కుదరకపోతే మళ్ళీ మూడో దారే, ఆ మాట స్పష్టంగా చెప్పారు.

నీ పన్నెండు నిమిషాలతో అంచనా దొరికింది. కచ్చితమైన కొలత కావాలంటే నేను ఆ ప్రోగ్రాము రాసిన మొదటి కంప్యూటరే కావాలి. బాబాయ్ కూర్చిన పెట్టె కాబట్టి దానికి మోడల్ నంబరు లేదు, దాని జోడీ ప్రపంచంలో లేదు. పారేశారా?

బుడంకాయ


కుట్టుషాపు
మే 29

బుడంకాయకి,

పారేయలేదు. ఆరేళ్ళుగా దాని మీదే కూర్చుని మీ బాబాయ్ కాజాలు కుడుతున్నాడు. పైన దిండు ఉండటం వల్ల అది కంప్యూటరన్న సంగతి అందరం మర్చిపోయాం.

బయటికి లాగి దుమ్ము దులిపితే, మూడు బొత్తాలు, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు ఒకటి, ఆయన వెతుకుతున్న కత్తెర దొరికాయి. మీట నొక్కితే పదకొండు నిమిషాలకి తెర వెలిగింది. ఆయన దాని పక్కనే నిలబడి, "నా చేతి పని" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఫ్యాన్ చప్పుడుకి రేడియో వినబడలేదు, అయినా ఏమీ అనలేదు. దాని మీద కుట్టిన నిచ్చెనలు మూడు పంపుతున్నాను. మూలన ఎర్రదారంతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు కుట్టాను. చేపలు లేకుండా కుట్టినవి.

నువ్వు పోయిన వారం పంపిన తాత నడకతో కుట్టినవి నీలిదారం అంకెలవి. మొదటిదీ రెండోదీ బాగున్నాయి. మూడోది చూడు. నాలుగో మెట్టు దగ్గర గుడ్డకి చిల్లుపడి దారం ముడిపడింది. బాగుందని అబద్ధం చెప్పలేను. అదెలా జరిగిందో కనిపెట్టడానికి రోజంతా పట్టింది. మీ బాబాయ్ పాటల కార్యక్రమం ఎన్నింటికో చూద్దామని ఇంకో విండో తెరిచాడు. ఆ క్షణంలో కుట్టు విండో వెనక్కి పోయింది. వెనక్కి పోయింది కాబట్టి నీ ప్రోగ్రాము నిద్రపోయింది, సూది గుడ్డలో ఉండగానే. ఆయన పాటలు చూసుకుని విండో మూశాక అది లేచి, ఏమీ జరగనట్టు ఫ్రేముని లాగింది. మళ్ళీ తెరిపించాను, మళ్ళీ అదే జరిగింది. సూది కూడా విరిగింది.

అంటే ఇప్పుడు చేపలతో పాటు నువ్వూ నిద్రపోతున్నావన్నమాట. చేతిలో పనున్నవాళ్ళని నిద్రపుచ్చకూడదని కిందటిసారే రాశాను.

విరిగిన సూది ఈ కవరులోనే ఉంది. కాగితంలో చుట్టాను, చూసి తియ్యి.

పిన్ని


ఆఫీసు, నాలుగో అంతస్తు
జూన్ 27

పిన్నీ,

సూది గోడకి ఎక్కింది, గుడ్డల పక్కన. ఇప్పుడు గోడ మీద ఏడు నిచ్చెనలున్నాయి. కొత్తగా చేరినవాళ్ళు ఇది ఫైర్ స్టేషన్‌వాళ్ళ ఆఫీసా అని అడుగుతున్నారు.

ఐదువందల ప్రోగ్రాములతో రెండేళ్ళు పరీక్షించినా ఆ తప్పు మాకు దొరకలేదు. మా దగ్గర సూదులు లేవు, పాటల కోసం విండో తెరిచే బాబాయ్ లేడు. నీ వాక్యాన్నే మా భాషలో నియమంగా రాసుకున్నాం: చేతిలో యంత్రం ఉన్న ప్రోగ్రాముని, అది వదిలేదాకా నిద్రపుచ్చకూడదు. పెద్దాయన దాన్ని అచ్చువేయించి తలుపు మీద అంటించాడు. కింద నీ పేరు వేద్దామంటే, "పిన్ని అని వెయ్యి, చాలు" అన్నాడు. వేశాం.

ఎర్రదారం నిచ్చెనల్ని కొలిచాం. మెట్టుకీ మెట్టుకీ మధ్య కుట్లు లెక్కపెట్టి బాబాయ్ పెట్టె వేగం కనిపెట్టాం. తాత నడక ఇప్పుడు ఆ వేగం మీదే నడుస్తుంది. ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదే చివరిది. నువ్వు ఒప్పుకుంటే అక్టోబరు ఒకటిన ఇదే వస్తుంది. ఒప్పుకోకపోతే జూలై మూడున నేను లేచి, కుదరలేదని చెప్పాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో నీకు తెలుసు.

మూడు రకాలుగా చూడు. చేపలతో, చేపలు లేకుండా, బాబాయ్ పాటల విండో తెరుస్తూ మూస్తూ.

నాకు భయంగా ఉంది, నిజం చెప్పాలంటే. వెంటనే రాయి.

బుడంకాయ


కుట్టుషాపు
జూన్ 30

బుడంకాయకి,

ముందు జవాబు: ఒప్పుకుంటున్నాను. మిగతాది తీరిగ్గా చదువుకో.

నిచ్చెనలు ముప్ఫై కుట్టాను. పది చేపలతో, పది చేపల్లేకుండా, పది బాబాయ్‌తో. ఆయన ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయగా నేను చూడలేదు. ఒక్కో నిచ్చెనకీ ఇరవైసార్లు విండో తెరిచాడు. ఒక్క మెట్టు కూడా కదల్లేదు. ముప్ఫైటినీ కలిపేసి, ఏది ఏదో చెప్పమని టోపీల ఆవిడకి ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, చెప్పలేకపోయింది. తర్వాత ఆవిడ కంప్యూటర్‌లోనూ వేశాం. తొమ్మిది చేపలు కావాల్సిన పెట్టె అది. చేపలన్నీ నిద్రపోయినా పన్నెండు నిమిషాలకే నిచ్చెన వచ్చింది.

ఇక చేపల్ని తీసేయవచ్చని చెప్పాను. తీయనంది. "ఇన్నేళ్ళు రాత్రనకా పగలనకా ఈదాయి పాపం, కాస్త పడుకోనీ" అంది. షాపు మూసేటప్పుడు మళ్ళీ ముందుకి తెచ్చి కాసేపు ఈదిస్తుందట.

గడియారం చూసే కొత్త ప్రోగ్రాము అల్మారాలోంచి తీశాను. అదే వాడుకుంటాను, నిచ్చెన అందులోనే బాగుంటుంది. ఎవరికీ ఇవ్వనని మాత్రం ఈసారి మాట ఇవ్వను. రేపటికల్లా పంతొమ్మిది షాపులకీ చేరుతుంది. చేరనివాళ్ళకి మీ తాత నడక ఉంది.

మీ బాబాయ్ మొదటి పెట్టె మీద మళ్ళీ కూర్చోవట్లేదు. నిలబడి కాజాలు కుడుతున్నాడు. దానికి వేరే బల్ల చేయిస్తాడట. తనకి స్టూలు కొనమని నాకు చెప్పాడు.

ఈ కవరులో ఒక బ్యాడ్జి పెట్టాను. గోడకి కాదు, నీ సంచికి కుట్టుకో. ఐదు చేపలు. నిద్రపోతున్నట్టు కుడదామనుకున్నాను గానీ, చేపలకి రెప్పలుండవు, కళ్ళు మూయించడం కుదరలేదు. బ్యాడ్జిని వెనక్కి తిప్పి చూసుకో, కుట్లు సమంగా ఉన్నాయో లేదో. ఆ ఐదింటినీ కుడుతున్నంతసేపూ వెనక తొట్టిలో ఒక్క చేప కూడా కదల్లేదు.

పిన్ని